టాపికల్ మెమరీ సిస్టమ్ వాక్యం కార్డులు: గుర్తుపెట్టుకోవడానికి చాలా బాగున్నాయి, లోబడటానికి మాత్రం మనం కొంత కలుపుకోవాలి

నావిగేటర్స్ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళ టాపికల్ మెమరీ సిస్టమ్ గురించి చాలామంది విశ్వాసులు వినే ఉంటారు, విననివాళ్ళ కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తాను. పర్సులో పట్టేంత చిన్న కార్డులు, వాటి మీద 60 వాక్యాలు, వాటితోపాటు ఎలా కంఠతా పట్టాలో చెప్పే ఒక వర్క్‌బుక్. ఎ నుంచి ఇ వరకు ఐదు సిరీస్‌లు, ఒక్కో సిరీస్‌లో ఆరు టాపిక్‌లు, ఒక్కో టాపిక్‌కి రెండు వాక్యాలు. అంతే, ఇంకేం లేదు. బొమ్మలు లేవు, రంగులు లేవు, పాయింట్లు లేవు. నేను చాలాకాలంగా వాడుతున్నాను, చాలామందికి ఇవ్వమని చెప్పాను కూడా, అందుకే మంచి చెడ్డ రెండూ కాస్త వివరంగా రాస్తున్నా.

అసలు నాకు ఇలాంటిది ఎందుకు అవసరం అనిపించిందంటే, ఆదివారం విన్న మాట మంగళవారానికి ఉండట్లేదు అని మనందరం అనుకునేదే, కానీ ఇది మన తరం రోగం కాదండి, దేవుడికి మనుషుల మతిమరుపు ముందునుంచీ తెలుసు. సంఖ్యాకాండము 15వ అధ్యాయం చివర్లో ఇశ్రాయేలీయులు తమ బట్టల అంచులకు కుచ్చులు చేసుకుని వాటి మీద నీలి దారం కట్టుకోవాలని చెప్తాడు, ఎందుకో కూడా అక్కడే చెప్తాడు, దాన్ని చూసి ఆజ్ఞలన్నీ జ్ఞాపకం చేసుకుని వాటిని చేయడానికి, కళ్ళు ఎటు లాగితే అటు, మనసు ఎటు లాగితే అటు పోకుండా ఉండటానికి. ద్వితీయోపదేశకాండము 6లో ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు వాటి గురించి మాట్లాడమన్నాడు, గుమ్మాల మీద రాయమన్నాడు. 17వ అధ్యాయంలో అయితే రాజు కూడా ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకుని బ్రతికినన్నాళ్ళు చదువుకోవాలి, తన సహోదరుల మీద గర్వించకుండా ఉండటానికి అని. అంటే కంటికి కనబడే, చేతికి తగిలే వస్తువు ఒకటి పెట్టుకుని గుర్తు చేసుకోవడం విశ్వాసం తక్కువైనవాళ్ళు చేసే పని కాదు, దేవుడే చెప్పిన పద్ధతి. "ఆత్మ గుర్తు చేస్తాడు కదా, కార్డులెందుకు" అని అడిగేవాళ్ళు ఉంటారు, యోహాను 14:26లో ప్రభువు శిష్యులకు చెప్పింది తాను వాళ్ళతో చెప్పిన సంగతులను ఆత్మ జ్ఞాపకం చేస్తాడని, ముందు చెవిన పడ్డ మాట ఉండాలి కదా జ్ఞాపకం చేయడానికి.

ఇక ఈ సెట్ వెనక ఉన్న మనిషి డాసన్ ట్రాట్‌మన్. 1906లో పుట్టాడు, అమెరికా వాడు. సంఘంలో యవనస్తుల పోటీ కోసం వాక్యాలు కంఠతా పట్టాడు, కొన్ని వారాల తర్వాత పనికి నడిచి వెళ్తుంటే వాటిలో ఒకటి, యోహాను 5:24, మనసులోకి వచ్చింది, అక్కడికక్కడే ప్రభువును అంగీకరించాడు. ఇది 1926 మాట. 1933లో ఒక నావికుడికి బైబిల్ నేర్పడంతో నావిగేటర్స్ పని మొదలైంది. ఆ యోహాను 5:24 ఇప్పటికీ ఈ సెట్‌లో బి సిరీస్ చివర్లో ఉంది. డి సిరీస్‌లో "ఇతరులకు సేవ చేయి" అనే టాపిక్ కింద మార్కు 10:45 ఉంటుంది, మనుష్యకుమారుడు సేవ చేయించుకోవడానికి కాదు చేయడానికీ, ప్రాణం ఇవ్వడానికీ వచ్చాడని. 1956 జూన్‌లో ట్రాట్‌మన్ న్యూయార్క్ రాష్ట్రంలో ఒక సరస్సులో, పడవలోంచి పడిపోయిన అమ్మాయిని నీళ్ళ పైకి ఎత్తి పట్టుకుని, ఆమెను బతికించి తను మునిగి చనిపోయాడు. ఆ కార్డు తీసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది, వాక్యం కంఠతా పట్టడం ఎక్కడికి తీసుకెళ్ళాలో ఈ సెట్ తయారుచేసినవాడి జీవితంలోనే ఉంది.

పద్ధతి గురించి. ముందు టాపిక్ చెప్పాలి, తర్వాత రిఫరెన్స్, తర్వాత వాక్యం, మళ్ళీ చివర్లో రిఫరెన్స్. రెండుసార్లు రిఫరెన్స్ ఎందుకా అని మొదట విసుగ్గా ఉంటుంది కానీ అదే బాగా పనిచేస్తుంది, లేకపోతే వాక్యం వస్తుంది కానీ ఎక్కడుందో రాదు, ఎక్కడుందో రాకపోతే ముందూ వెనకా చదవలేము, ఆ ముందూ వెనకా సంగతి ఇంకా కింద చెప్తాను. వారానికి రెండు వాక్యాలు, ఒకేసారి మొత్తం కాకుండా ముక్క ముక్కగా, ఒక్క పదం కూడా మారకుండా. కొత్తవి రోజూ, పాతవి అప్పుడప్పుడు తిరగేయాలి. ఇది ఊరికే భక్తితో చెప్పిన మాట కాదు, హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తాను ప్రయోగం చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే ఎక్కువ పోతుందనీ, విడివిడిగా తిరగేస్తే నిలబడుతుందనీ రాశాడు. అందుకే ఈ కార్డుల్లో నేర్చుకోవడం కంటే తిరగేయడమే అసలు పని. కొత్త కార్డుల మోజు ఉన్నవాళ్ళకి ఇది బోరు కొడుతుంది, నిజం చెప్పాలంటే ఆ బోరే ఇందులో ఉన్న విలువ.

వాక్యాల ఎంపిక ఈ సెట్‌కి పెద్ద బలం. ఎ సిరీస్ నావిగేటర్స్ వాళ్ళ చక్రం బొమ్మ ప్రకారం వెళ్తుంది, మధ్యలో ఇరుసు క్రీస్తు, ఆకులు నాలుగు, వాక్యం ప్రార్థన సహవాసం సాక్ష్యం, బయట నేలకి తగిలే పట్టీ విధేయత. నాకు ఇది చాలా నచ్చింది ఎందుకంటే విధేయతని ఐదో ఆకులా ఒక మూల పెట్టలేదు, నేలకి తగిలే చోట పెట్టారు. విధేయత కింద ఇచ్చినవి రోమీయులకు 12:1, యోహాను 14:21. "నా ఆజ్ఞలను అంగీకరించి వాటిని గైకొనువాడే నన్ను ప్రేమించువాడు" అన్న మాట రెండో కార్డుది. ప్రేమ ఉంది అని పాటలో చెప్పడం తేలిక, ఆయన మాత్రం ఆ ప్రేమని ఎక్కడ చూడాలో చెప్పేశాడు. పక్కనే యెహోషువ 1:8 కార్డు, అక్కడ కూడా రాత్రింబగళ్ళు ధ్యానించమన్నది ఊరికే ధ్యానించడానికి కాదు, అందులో రాసినవాటన్నిటి ప్రకారం చేయడానికి జాగ్రత్తపడేలా.

ఇక్కడిదాకా పొగిడాను, ఇప్పుడు అసలు విషయం. ఈ సెట్ గుర్తుపెట్టుకోవడం అనే సగాన్ని చాలా గట్టిగా చేస్తుంది, రెండో సగం మన మీద వదిలేస్తుంది. ధ్యానించాలి, జీవితానికి అన్వయించుకోవాలి అనే మాట చెప్తారు గానీ, రోజూ చేతిలో ఉండే లెక్క మాత్రం పదాలు తప్పకుండా చెప్పామా లేదా అన్నదే. అది ఎంత ప్రమాదమో మత్తయి 4 చూడండి. ప్రభువు అరణ్యంలో మూడుసార్లు ద్వితీయోపదేశకాండములోంచి జవాబిచ్చాడు, 8:3, 6:16, 6:13, చేతిలో గ్రంథపు చుట్ట లేదు, ఆకలితో ఉన్నాడు, అయినా మాట సిద్ధంగా ఉంది. కంఠత వాక్యం విలువ చెప్పడానికి అందరం ఈ భాగమే చెప్తాం, కరెక్టే. కానీ అదే అధ్యాయంలో సాతాను కూడా కీర్తన 91 నోటికి చెప్పాడు! వాడికీ కార్డు చూసే పని లేదు. ఇద్దరి మధ్య తేడా ఎవరికి ఎక్కువ వాక్యాలు వచ్చు అన్నదాంట్లో లేదు, ఒకరు ఆ మాటకి లోబడ్డారు, ఇంకొకడు దాన్ని వాడుకున్నాడు. మనం వాట్సాప్ గ్రూపుల్లో ఎదుటివాడి నోరు మూయించడానికి వాక్యం వాడేటప్పుడు ఈ అధ్యాయం ఒకసారి గుర్తు చేసుకుంటే మంచిది.

రెండో లోపం, సందర్భం తెగిపోవడం. చిన్న కార్డు మీద ఒకటి రెండు వచనాలే పడతాయి, అది కార్డుల తప్పు కాదు, కానీ ఫలితం మాత్రం మన మీద పడుతుంది. ఉదాహరణకి సహవాసం కింద మత్తయి 18:20 ఉంటుంది, ఇద్దరు ముగ్గురు నా నామమున ఎక్కడ కూడి ఉంటారో అక్కడ నేనుంటాను అని. ప్రార్థన కూటానికి జనం తక్కువ వచ్చినప్పుడు ఓదార్పుగా చెప్పుకుంటాం. కానీ పైన 15వ వచనం నుంచి చదవండి, నీ సహోదరుడు తప్పు చేస్తే నువ్వే వెళ్ళు, ఒంటరిగా మాట్లాడు, వినకపోతే ఇంకొకరిద్దరిని తీసుకెళ్ళు, అక్కడి నుంచి వస్తుంది ఆ మాట, కిందకి వస్తే పేతురు ఎన్నిసార్లు క్షమించాలి అని అడుగుతాడు. అంటే కార్డు ఒక్కటే చదివితే కూర్చుని పాడుకునే వాక్యం, అధ్యాయం చదివితే లేచి ఒక మనిషి ఇంటికి నడవాల్సిన వాక్యం. అలాగే నిజాయితీ కింద లేవీయకాండము 19:11, దొంగిలించకూడదు, బొంకకూడదు, ఒకరితో ఒకరు దగా చేయకూడదు అని. రెండు వచనాలు దిగితే 13లో కూలివాడి కూలి మరునాటి ఉదయం దాకా నీ దగ్గర ఉంచుకోకూడదు అని ఉంది. అబద్ధం ఆడను అని తృప్తిపడే మనిషిని కూడా ఆ 13 పట్టుకుంటుంది, నీ దగ్గర పనిచేసినవాళ్ళ డబ్బులు ఇచ్చేశావా, రేపు మాపు అని తిప్పుతున్నావా అని. ఫిలిప్పీయులకు 4:13 సంగతి చెప్పనక్కర్లేదు, పరీక్షల ముందు, ఆటల ముందు, కొత్త ఉద్యోగం ముందు అందరూ చెప్పే వాక్యం, పౌలు అక్కడ చెప్తున్నది లేమిలో కూడా, సమృద్ధిలో కూడా తృప్తిగా ఉండటం నేర్చుకున్నాను అని.

కాబట్టి నా సలహా, ఏ కార్డు మొదలుపెట్టినా ముందు ఆ అధ్యాయం మొత్తం చదవండి, కార్డు దాని తర్వాతే. రిఫరెన్స్ రెండుసార్లు చెప్పించే పద్ధతి అందుకే ఉపయోగం అన్నాను.

మూడోది, ఏం లేవు అన్నది. 60 వాక్యాలు తిరగేస్తే యాకోబు పత్రిక నుంచి ఒక్కటి కూడా లేదు. వినేవాళ్ళుగా మాత్రమే ఉండి మిమ్మల్ని మీరు మోసం చేసుకోకండి, చేసేవాళ్ళుగా ఉండండి అన్న యాకోబు 1:22 లేదు, అద్దంలో ముఖం చూసుకుని వెళ్ళి వెంటనే ఎలా ఉన్నాడో మర్చిపోయే మనిషి లేడు, నాలుక గురించి మూడో అధ్యాయం లేదు. శత్రువులను ప్రేమించండి లేదు, బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు సహోదరుడితో సమాధానపడు అనే మత్తయి 5:23-24 లేదు, కోపం గురించి లేదు, తల్లిదండ్రుల గురించి లేదు. కొండమీద ప్రసంగం నుంచి రెండే ఉన్నాయి, 5:16, 6:33. కొత్తగా ప్రభువులోకి వచ్చినవాళ్ళకి పునాదులు వేయాలని, సువార్త చెప్పడం నేర్పాలని ఈ ఎంపిక జరిగింది అని అర్థమవుతుంది, ఆ పనికి ఇది చాలా బాగా సరిపోతుంది. కానీ మన రోజు ఎక్కడ చెడుతుంది? ఎక్కువగా నోటి దగ్గర, కోపం దగ్గర, మనల్ని బాధపెట్టిన మనిషి దగ్గర. అక్కడికి పనికొచ్చే ఆజ్ఞలు ఈ డబ్బాలో తక్కువ. అందుకని నేను నా కోసం ఇంకొక చిన్న కట్ట కట్టుకున్నా, యాకోబు 1:19, 1:22, ఎఫెసీయులకు 4:29, 4:32, మత్తయి 5:23-24, 5:44, రోమీయులకు 12:17-18. ఇవి చేర్చుకోమని ఎవరికైనా గట్టిగా చెప్తాను.

భాష సంగతి. నా దగ్గరున్నది ఇంగ్లీష్ సెట్. రిఫరెన్సులు తీసుకుని తెలుగు కార్డులు నేనే రాసుకున్నా, మన పాత అనువాదంలోంచి, ఎందుకంటే సంఘంలో చదివేదీ, పెద్దవాళ్ళ నోట్లో ఉన్నదీ అదే, ఎవరైనా సగం చెప్తే మిగతా సగం మన నోటికి వచ్చేస్తుంది. చదువుకోవడానికి కొత్త అనువాదాలు తేలిగ్గా ఉంటాయి, పిల్లలకి అవే మంచివి. ఏదైనా పర్లేదు కానీ ఒక్కటే పట్టుకోండి, రెండు అనువాదాలు కలిపితే ఏదీ నిలవదు. చేత్తో రాసుకోవడం వల్ల ఇంకో లాభం, రాసేటప్పుడే సగం వచ్చేస్తుంది, పైగా కార్డు వెనక వైపు ఖాళీగా ఉంటుంది.

ఆ ఖాళీ వైపు ఎలా వాడతానో చెప్తాను, నా దృష్టిలో ఈ రివ్యూలో ముఖ్యమైనది ఇదే. వెనకాల ఆ వాక్యానికి ఈ వారం నేను చేయబోయే ఒక్క పని రాస్తాను, మంచి ఆలోచన కాదు, పని, ఎవరికి, ఎప్పటిలోగా. 1 యోహాను 3:18 కార్డు తీసుకోండి, "మాటతోను నాలుకతోను కాక క్రియతోను సత్యముతోను ప్రేమింతము." దీని వెనక "అందరినీ ప్రేమించాలి" అని రాస్తే ఏమీ జరగదు. ముందు వచనంలో అవసరంలో ఉన్న సహోదరుడిని చూసి కనికరం చూపనివాడి గురించి ఉంది కాబట్టి, నాకు తెలిసి ఇప్పుడు ఇబ్బందిలో ఉన్నది ఎవరు, వాళ్ళ పేరు, నేను ఇవ్వగలిగింది ఏంటి, ఎప్పుడు వెళ్తాను, ఇది రాయాలి. ఫిలిప్పీయులకు 2:3-4 వెనక, ఈ వారం మీటింగ్‌లో ఎవరి మాట మధ్యలో అడ్డుకోకుండా చివరిదాకా వింటాను అని. రోమీయులకు 12:18 వెనక ఒక ఫోన్ కాల్. అపొస్తలుల కార్యములు 24:16, దేవుని ముందు మనుషుల ముందు నిర్దోషమైన మనస్సాక్షి ఉండేలా ప్రయాసపడుతున్నాను అని పౌలు ఖైదీగా ఫేలిక్సు ముందు నిలబడి చెప్పిన మాట, దాని వెనక తిరిగి ఇవ్వాల్సిన అప్పు, సరిచేయాల్సిన లెక్క, ఇలాంటివి రాసుకోవచ్చు. పని అయ్యేదాకా తర్వాత కార్డుకి వెళ్ళకూడదు, ఇది నేను పెట్టుకున్న రూల్. దీనివల్ల వారానికి రెండు అన్న వేగం ఎలాగూ కుదరదు, కుదరక్కర్లేదు కూడా. 60 వాక్యాలు ఎన్నాళ్ళలో అయ్యాయి అని ఎవరూ అడగరు, "నా మాటలు చేయకుండా ప్రభువా ప్రభువా అని ఎందుకు పిలుస్తున్నారు" అని లూకా 6:46లో ఆయన మాత్రం అడిగాడు.

కొంతమంది అనొచ్చు, ఇలా రాసుకుని టిక్కు పెట్టుకుంటే క్రియల వల్ల రక్షణ అన్నట్టు అయిపోదా అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఈ సెట్‌లోనే ఉంది, బి సిరీస్‌లో ఎఫెసీయులకు 2:8-9, తీతు 3:5, రక్షణ మన క్రియల వల్ల కాదు అని. ఆ ఎఫెసీయుల కార్డు 9తో ఆగిపోతుంది, మీరు 10 కూడా కలిపి రాసుకోండి, సత్‌క్రియలు చేయడానికే క్రీస్తుయేసునందు సృష్టించబడ్డాము అని వెంటనే ఉంది. రెండూ కలిసి ఉంటే ఆ గందరగోళం ఉండదు, కృప పొందినవాడు చేసే పని అది, కృప సంపాదించుకోవడానికి కాదు. చేయలేకపోయిన వారం కూడా వస్తుంది, దానికి సి సిరీస్ ఉంది, విలాపవాక్యములు 3:22-23, హెబ్రీయులకు 2:18. నాకు మొత్తం సెట్‌లో సి సిరీసే ఎక్కువ ఇష్టం, ఆజ్ఞలు మోయడానికి బలం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే సిరీస్ అది.

ఫోన్ ఆప్‌లతో పోల్చి చాలామంది అడుగుతారు. ఆప్‌లు వద్దని నేను అనను, రిమైండర్ వస్తుంది, ఆడియో వినొచ్చు, కళ్ళు సరిగా కనబడనివాళ్ళకి అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, అది కార్డు ఇవ్వలేదు. కానీ ఫోన్ తీస్తే వాక్యం పక్కనే ఇంకా వంద ఉంటాయి, వరుసగా ఎన్ని రోజులు తెరిచాం అన్న నంబరే లక్ష్యం అయిపోయే అవకాశం ఉంది, తెరవడానికీ లోబడటానికీ సంబంధం లేదు కదా. కార్డు జేబులో ఉంటే క్యూలో నిలబడ్డప్పుడు, ప్రయాణంలో, నిద్ర పట్టనప్పుడు అదొక్కటే ఉంటుంది. పైగా బాగున్న రోజుల్లో కూడా చేతికి తగులుతుంది, ఇది చిన్న విషయం కాదు, ద్వితీయోపదేశకాండము 8లో దేవుడు మర్చిపోతారేమో జాగ్రత్త అని హెచ్చరించింది అరణ్యంలో ఆకలితో ఉన్నప్పటి గురించి కాదు, తిని తృప్తి పొంది, మంచి ఇళ్ళు కట్టుకుని, పశువులు, వెండి బంగారాలు పెరిగిన తర్వాత గురించి. కష్టంలో వాక్యం మనమే వెతుక్కుంటాం, సుఖంలోనే ఎవరైనా గుర్తు చేయాలి.

ఒక్కరే చేయడం కంటే ఇద్దరు కలిసి చేయడం మంచిది. భార్యాభర్తలు, స్నేహితులు, తండ్రీ కూతురు, ఎవరైనా. ఒకరు రిఫరెన్స్ చెప్తే ఇంకొకరు వాక్యం చెప్పాలి, తర్వాత కార్డు తిప్పి వెనకాల రాసింది చేశావా అని అడగాలి. ఆ రెండో ప్రశ్న అడిగే మనిషి దొరకడం కష్టం, దొరికితే వదులుకోవద్దు.

పిల్లలకి ఈ సెట్ యథాతథంగా ఇవ్వమని చెప్పను, వాక్యాలు కొన్ని పెద్దవి, టాపిక్‌లు పెద్దవాళ్ళవి. ఇ సిరీస్‌లోంచి యోహాను 13:34-35, గలతీయులకు 6:9-10 లాంటివి తీసుకుని వాళ్ళ భాషలో వాళ్ళ పనులు రాయించండి. ఇప్పటికే చాలా వాక్యాలు నోటికి వచ్చినవాళ్ళు, సండే స్కూల్ నుంచి పెరిగినవాళ్ళు కొత్తగా కొనక్కర్లేదు, మీకు వచ్చిన వాక్యాల్లోంచే ఆజ్ఞ ఉన్నవి వేరుచేసి ఖాళీ కార్డుల మీద రాసుకుని వెనక వైపు పని మొదలుపెట్టండి. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్ళకి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళకి మాత్రం ఈ సెట్ తప్పకుండా ఇవ్వండి, ఎ సిరీస్‌తో మొదలుపెట్టించండి, వారం వారం పక్కన కూర్చుని వినండి. రేటింగ్ అడిగితే గుర్తుపెట్టుకోవడానికి ఐదుకి ఐదు, లోబడటానికి చేసే సాయానికి మూడు.